బీద విద్యార్థుల స్నేహితుడు
ఆగస్టు హెర్మన్ ఫ్రాంకె (1663–1727)

ధ్యాన భాగములు: యోహాను 6:5–13, యాకోబు 2:14–17, 1 యోహాను 3:17–18



బీదవాని బిడ్డ చదువుకొనవలెనని కోరనివారు మన సంఘములలో ఎవరును ఉండరు. ఆదివారము గుడిలో ఆ మాట చెప్పినయెడల అందరును ఆమేన్ అందురు. కాని సోమవారము ఉదయమున ఆ బిడ్డకు పుస్తకము ఎవరు కొనిపెట్టవలెను? మధ్యాహ్నము వాని ఆకలి ఎవరు తీర్చవలెను? మొదట ఇచ్చిన పుస్తకము పోయినయెడల రెండవ పుస్తకము ఎవరు ఇయ్యవలెను? మన మంచి కోరికలు అనేకము ఈ ప్రశ్నలయొద్దకు వచ్చి ఆగిపోవుచుండును.

అక్కడ ఆగిపోక ముందుకు నడచిన ఒక పాదిరిగారి జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన జర్మనీ దేశస్థుడు. ఆయన మరణించి దాదాపు 300 సంవత్సరములైనది. బీదపిల్లల బడి పెట్టుటకు ఆయన చేతికి వచ్చిన మొదటి సొమ్ము ఏడు గుల్డెనులు మాత్రమే. ఆయన కన్నుమూయునాటికి ఆయన పాఠశాలలలో 2,200 మందికి పైగా పిల్లలు చదువుచుండిరి. ఆ రెంటి నడుమ నున్న 32 సంవత్సరములలో ఏమి జరిగినదో తెలిసికొనుట మనకు మేలు.

తండ్రి లేని బాలుడు

ఆగస్టు హెర్మన్ ఫ్రాంకె 1663వ సంవత్సరము మార్చి నెలలో ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ అను ఓడరేవు పట్టణములో జన్మించెను. తండ్రి న్యాయశాస్త్రము తెలిసిన పండితుడు. బిడ్డకు మూడేండ్ల ప్రాయమప్పుడు ఆ కుటుంబము గోథా అను పట్టణమునకు తరలిపోయెను. గోథాను ఏలుచున్న ఎర్నెస్టు ప్రభువు భక్తిపరుడని పేరు పొందినవాడు. 30 సంవత్సరములు సాగిన ఘోర యుద్ధము 1648లో ముగిసెను. దాని వలన జర్మనీ పల్లెలు పాడైపోయి యుండగా, రైతుల బిడ్డలు సైతము బడికి రావలెనని ఆయన తన రాజ్యములో కట్టడ చేసెను. అట్టి ప్రభువు కొలువులో ఫ్రాంకె తండ్రి ఉద్యోగము చేసెను. కాని 1670లో ఆ తండ్రి మరణించెను. అప్పటికి బాలునికి ఏడేండ్లు.

తల్లియు, అక్కయు ఆ బాలుని దేవుని భయభక్తులలో పెంచిరి. పదేండ్ల ప్రాయమున అతడు తల్లిని బ్రతిమాలి ఒక చిన్న గదిని తనకై అడిగి పుచ్చుకొని, అందులో తలుపు వేసికొని చదువుకొనుచు ప్రార్థించుచు నుండెను. తరువాత ఎర్ఫర్ట్, కీల్, లైప్‌జిగ్ పట్టణములలోని విశ్వవిద్యాలయములలో చదివెను. హాంబర్గులో ఒక పండితునియొద్ద హెబ్రీ భాష నేర్చుకొనెను.

తండ్రి లేని పిల్లవానికి ఈ చదువంతయు ఎట్లు సాగెను? ల్యూబెక్ పట్టణములో షాబెల్ అను పేరుగల ధర్మనిధి యొకటి యుండెను. దాని పెత్తనము ఫ్రాంకె మేనమామ చేతిలో ఉండెను. ఆ నిధి నుండి వచ్చిన ఉపకార వేతనముతో ఆయన చదువుకొనెను. ప్రియులారా, ఈ సంగతి మరువకుడి. తరువాతి కాలములో వేలమంది బీదపిల్లలకు బడి తలుపు తెరచిన ఈ మనుష్యుడు తానును ఒకప్పుడు ఇతరులు దాచిపెట్టిన సొమ్ముతో చదువుకొన్నవాడే.

ప్రసంగము సిద్ధపరచుచుండగా

1687లో, 24 ఏండ్ల ప్రాయమున, ఫ్రాంకె ల్యూనెబర్గ్ అను ఊరిలో నుండెను. అక్కడి గుడిలో ప్రసంగించుమని ఆయనను అడిగిరి. యోహాను సువార్త 20వ అధ్యాయము 31వ వచనమును ఆయన ఎంచుకొనెను. నిజమైన విశ్వాసమునకును, పేరునకు మాత్రమే యుండు విశ్వాసమునకును గల భేదమును గూర్చి చెప్పవలెనని తలంచెను. వ్రాయుటకు కూర్చుండగా తన హృదయమే ఆయనను నిలువదీసెను. ఇతరులకు చెప్పబోవు ఆ విశ్వాసము తనలో ఉన్నదా? ఎంత వెదకినను అది ఆయనకు కనబడలేదు. తలనిండ శాస్త్రజ్ఞానము ఉండెను గాని హృదయములో దేవుడు ఉన్నాడను నిశ్చయము సహా లేకపోయెను.

ప్రసంగము మానుకొందునని చెప్పివేయవలెనా అని ఆయన చాల వేదనపడెను. ఆదివారము సాయంకాలము మోకాళ్లూని, తాను ఇంకను ఎరుగని ఆ దేవునికి మొఱపెట్టెను. లేచునప్పటికి సందేహము తొలగిపోయెను. బుధవారము నాడు ఆయన సంతోషముతో ఆ ప్రసంగము చేసెను. ఆ రాత్రి నుండి ఫ్రాంకెకు లోకములో గొప్ప పండితుడు కావలెనను ఆశ వెనుకబడెను. మరుసటి సంవత్సరము హాంబర్గులో చిన్నపిల్లలకు పాఠములు చెప్పెను. పిల్లలకు బోధించుట ఎంత కష్టమో, ఉపాధ్యాయునికి ఎంత ఓర్పు కావలెనో అక్కడ ఆయన నేర్చుకొనెను.

సారాయి ఊరిలో పాదిరి

తరువాత లైప్‌జిగులోను ఎర్ఫర్టులోను ఆయన వాక్యము బోధించెను. జనులు గుంపులుగా వచ్చిరి. అందువలన అధికారులకు కోపము వచ్చెను. 1691లో ఎర్ఫర్ట్ పట్టణమును విడిచిపొమ్మని ఆయనకు ఆజ్ఞ యిచ్చిరి. అప్పుడు బెర్లినులో నున్న ఫిలిప్పు స్పేనర్ అను దైవజనుని సహాయము వలన హాల్లె పట్టణములో క్రొత్తగా ఏర్పడుచున్న విశ్వవిద్యాలయములో ఆయనకు ఆచార్య పదవి దొరికెను. దానితోపాటు హాల్లె కోటగోడకు వెలుపల నున్న గ్లౌఖా అను చిన్న ఊరి సంఘమునకు పాదిరి పనియు దొరికెను. 1692 ఆరంభములో ఆయన ఆ ఊరు చేరెను.

గ్లౌఖా ఎట్టి ఊరు! పది సంవత్సరముల క్రిందట, 1682లో, వచ్చిన తెగులు వలన ఆ ఊరిలో పెక్కుమంది చనిపోయిరి. మిగిలినవారిలో అనేకులు సారాయి కాచి అమ్ముకొని బ్రదుకుచుండిరి. సుమారు 200 ఇండ్లు గల ఆ ఊరిలో 37 ఇండ్లు సారాయి దుకాణములే. పిల్లలు వీధులలో తిరుగుచు బిచ్చమెత్తుచుండిరి.

ప్రతి గురువారమును బిచ్చగాండ్రు పాదిరిగారి గుమ్మము ముందర చేరెడివారు. ఫ్రాంకె వారికి రొట్టె పంచిపెట్టెడివాడు. ఒక దినమున ఆయన వారిని వాకిట నుండి పంపివేయక ఇంటిలోనికి పిలిచి, పెద్దలను ఒక ప్రక్కను, పిల్లలను ఒక ప్రక్కను కూర్చుండబెట్టి, చిన్న ప్రశ్నోత్తరి నుండి కొన్ని ప్రశ్నలు అడిగెను. పిల్లలకు ఏమియు తెలియదు. పెద్దలకును తెలియదు. రొట్టె యిచ్చి పంపినంత మాత్రమున వారి స్థితి మారదని ఆయన గ్రహించెను.

అప్పుడు ఆయన ఆ బిడ్డలకు వారమునకు ఇంత అని బడిరుసుము ఇయ్య నారంభించెను. బిడ్డలు డబ్బు తీసికొనిరి గాని కొందరు బడికే పోలేదు. పోయినవారికిని చదువు అంటలేదు. ఆ మొదటి ఏర్పాటు ఇట్లు విఫలమాయెను.

ఏడు గుల్డెనులు, ఇరువది యేడు పుస్తకములు

1695లో ఆయన తన ఇంటిలో ఒక కానుక పెట్టె ఏర్పరచెను. సహోదరుడు లేమిలో నుండగా చూచి హృదయము మూసికొనువానియందు దేవుని ప్రేమ ఎట్లు నిలుచునని యోహాను అడుగు మాటను, సణుగుకొనక మనస్పూర్తిగా ఇయ్యవలెనని పౌలు వ్రాసిన మాటను ఆ పెట్టెపై వ్రాయించెను. ఈస్టరు పండుగ కాలమున ఒకరు ఆ పెట్టెలో ఏడు గుల్డెనులు వేసిరి. ఆ దేశపు లెక్కలో అది 4 థాలరులు 16 గ్రోషెనులు. ఒక థాలరునకు 24 గ్రోషెనులు.

అది చూచి ఫ్రాంకె ఎంతో సంతోషించెను. ఇది మంచి మూలధనమనియు, దీనితో బీదల బడి పెట్టుదుననియు ఆయన నిశ్చయించుకొనెను. ఎవరితోను ఆలోచన చేయుటకు ఆగలేదు. ఆ దినముననే రెండు థాలరులు పెట్టి పుస్తకములు కొనెను. విశ్వవిద్యాలయములో చదువుచున్న ఒక బీద విద్యార్థిని పిలిచి, దినమునకు రెండు గంటలు పిల్లలకు పాఠము చెప్పుటకు వారమునకు 6 గ్రోషెనుల జీతము ఏర్పరచెను. లెక్క చూడుడి: రెండు థాలరులు ఎనిమిది వారముల జీతమునకు సరిపోవును. ఆ పిమ్మట సంగతి దేవుడు చూచుకొనునని ఆయన నమ్మెను.

కొన్న పుస్తకములు 27. అవి పిల్లలకు పంచిపెట్టబడెను. పిల్లలు సంతోషముతో తీసికొనిపోయిరి. మరునాడు నాలుగు పుస్తకములు మాత్రమే తిరిగి వచ్చెను. మిగిలిన పిల్లలు పుస్తకములను అమ్ముకొనిరో ఏమో, మరల కనబడలేదు.

ప్రియ పాఠకులారా, ఈ చోట కొంచెము ఆగి మనలను మనము ప్రశ్నించుకొందము. మనమే అక్కడ ఉండిన యెడల ఏమందుము? ఈ జాతికి చదువు అక్కరలేదందుము. ఇచ్చినది నిలుపుకొనలేనివారికి ఇచ్చి ఏమి ప్రయోజనమందుము. మిగిలిన సొమ్మును గుడి సున్నమునకు వాడుదము అందుము. ఇట్టి మాటలతో మూతబడిన బీదల నిధులు లోకములో ఎన్ని యుండునో దేవునికే తెలియును.

ఫ్రాంకె బడి మూయలేదు. మిగిలి యుండిన 16 గ్రోషెనులతో మరల పుస్తకములు కొనెను. అయితే ఈసారి ఏర్పాటు మార్చెను. పాఠము ముగియగానే పిల్లలు పుస్తకములను బడిలోనే పెట్టి పోవలెను. మరునాడు వచ్చి తీసికొని చదువవలెను. ఆకలితో నున్న ఇంటికి పుస్తకమును పంపి, అది అమ్ముడుపోయినదని బిడ్డను నిందించుట కంటె, పుస్తకము బడిలో నిలుచునట్లు చేయుట మేలని ఆయన గ్రహించెను. తన చదువు గది ప్రక్క గదిలోనే ఆ బడి నడచెను.

ఆ నాలుగు పుస్తకములతో మిగిలిన బడికి ఆ వేసవిలోనే పిల్లలు పెరిగిరి. బోధ బాగున్నదని చూచి ఊరిలోని కలిగినవారు సైతము తమ బిడ్డలను పంపి, వారమునకు ఇంత అని రుసుము ఇచ్చెదమనిరి. ఆ రుసుముతో ఉపాధ్యాయుని జీతము పెరిగెను, పాఠపు గంటలు పెరిగెను. గది చాలక ప్రక్క ఇంటిలో గదులు అద్దెకు తీసికొనవలసి వచ్చెను.

అనాథల నిమిత్తము ఒకరు ఇచ్చిన మూలధనముపై ఏటేటా వచ్చు వడ్డీ ఒక బిడ్డను పెంచుటకు చాలియుండెను. అట్టి బిడ్డ నొకనిని వెదకగా, తలిదండ్రులు లేని నలుగురు తోబుట్టువులు ఆయన యెదుట నిలువబడిరి. వారిలో ఎవరిని త్రోసివేయుటకును ఆయనకు మనస్సు రాలేదు. ఆ సంవత్సరము ముగియక మునుపే అనాథల సంఖ్య తొమ్మిది ఆయెను.

ఉచిత భోజనపు బల్ల

ఇప్పుడు మీకు చెప్పబోవునది ఫ్రాంకె చేసిన పనులన్నిటిలో మనము ముఖ్యముగా గమనింపదగినది.

హాల్లె విశ్వవిద్యాలయమునకు పల్లెల నుండి అనేకమంది బీద యువకులు వచ్చుచుండిరి. వారికి ప్రవేశము దొరికినది గాని భోజనము దొరకలేదు. తినుటకు లేనివాడు ఎన్ని దినములు చదువగలడు? 1695లో ఒకరు బీదల నిమిత్తము 500 థాలరులు ఫ్రాంకెకు పంపి, ముఖ్యముగా బీద విద్యార్థులను జ్ఞాపకము చేసికొనుమని కోరిరి. ఆయన సుమారు 20 మంది విద్యార్థులకు వారము వారము కొంత డబ్బు ఇచ్చెను. కాని చేతికి డబ్బిచ్చుట కంటె ఒక బల్లయొద్ద కూర్చుండబెట్టి భోజనము పెట్టుట మేలని తరువాత ఆయనకు తోచెను. బల్లయొద్దకు దినదినము వచ్చినయెడల వారెవరో తెలియును, వారి నడవడి తెలియును, వారి అవసరత తెలియును.

1696లో 24 మంది విద్యార్థులకు ఉచిత భోజనము ఆరంభమాయెను. అయితే ఆ భోజనము తినువాడు బిచ్చగాడు కాడు. ప్రతి విద్యార్థియు దినమునకు రెండు గంటలు బీదపిల్లలకు పాఠము చెప్పవలెను. ఈ యేర్పాటులోని జ్ఞానమును చూడుడి. బీద విద్యార్థికి అన్నము దొరికెను. ఆయనకంటె బీదవాడైన బిడ్డకు ఉపాధ్యాయుడు దొరికెను. ఉపాధ్యాయుల జీతములకు కావలసిన సొమ్ములో ఎంతో మిగిలెను. అన్నము పెట్టించుకొన్నవాడు తలవంచుకొనక, తన కష్టముచేత సంపాదించుకొన్నానని తల యెత్తుకొని భుజించెను.

బోధించుట అందరికిని రాదు గనుక ఫ్రాంకె ఆ విద్యార్థులకు బోధనా విధానమును నేర్పించెను. 1707లో మంచి ఉపాధ్యాయులను తయారుచేయుటకు ప్రత్యేకమైన శిక్షణాలయమును స్థాపించెను. అందులో చేరినవారు రెండు సంవత్సరములు శిక్షణ పొంది, ప్రతిగా మూడు సంవత్సరములు ఆ పాఠశాలలలో బోధించెదమని ఒప్పుకొనవలెను. మన దేశములోని ట్రెయినింగు స్కూళ్లవంటి ఏర్పాటు జర్మనీలో మొట్టమొదట ఏర్పడిన చోట్లలో ఇది యొకటి.

పని విస్తరించుట

1698 నాటికి సుమారు 100 మంది అనాథలును, 500 మంది బడిపిల్లలును ఆయన పోషణలోను బోధలోను ఉండిరి. ఆ సంవత్సరము జూలైలో పెద్ద అనాథాలయమునకు పునాదిరాయి వేయబడెను. ఆ సెప్టెంబరులో రాజ్యాధిపతియైన ఫ్రెడరిక్కు పన్నుల మినహాయింపులు మొదలైన హక్కులు దయచేసెను. కట్టుటకు మొత్తము సొమ్ము చేతిలో లేకుండగనే పని ఆరంభమాయెను. శనివారము సాయంకాలము పనివారికి కూలి ఇయ్యవలసి యుండగా పెట్టె ఖాళీగా నున్న దినములు ఎన్నో కలవు. అట్టి దినములలో ఆయన తన గదిలోనికి పోయి ప్రార్థించెడివాడు. ధనవంతుల నుండియు, విధవరాండ్ర నుండియు, పేరు చెప్పని మనుష్యుల నుండియు సొమ్ము వచ్చుచుండెను. ఆ సంగతులను ఆయన ఒక గ్రంథముగా వ్రాసి 1701లో అచ్చువేయించెను. ఆ భవనపు శిఖరముపై సూర్యునివైపు ఎగురు రెండు పక్షిరాజుల రూపములను చెక్కించి, యెషయా 40వ అధ్యాయము 31వ వచనమును వ్రాయించెను. అవి నేటికిని అక్కడ ఉన్నవి.

ఆయన కానుకలమీద మాత్రమే ఆధారపడెనని తలంచకుడి. ఆయన సహాయకుడైన ఎలెర్స్ ఒక పుస్తకముల అంగడిని నడిపెను. ఫ్రాంకె చేసిన ప్రసంగమును అచ్చువేసి లైప్‌జిగు సంతలో అమ్ముటతో అది ఆరంభమైనది. దానికి అచ్చుకూటము చేరెను. రిక్టర్ అను వైద్యుడు మందుల తయారీని వృద్ధిచేసెను. ఆ మందులు దూరదేశములకు పోయెను. ఆ లాభము బీదపిల్లల అన్నమునకును పుస్తకములకును చేరెను. 1710లో కాన్‌స్టైన్ ప్రభువు తన సొమ్ముతో హాల్లెలో బైబిలు అచ్చు సంస్థను స్థాపించెను. పేర్చిన అక్షరములను విప్పక, పుటలను అట్లే ఉంచుకొని, మరల మరల అచ్చువేయుట ఆయన ఉపాయము. అందువలన క్రొత్త నిబంధన 2 గ్రోషెనులకే దొరికెను. బడిలో చదువు నేర్చిన బీద బిడ్డ తన సొమ్ముతో వాక్యము కొనగలిగెను.

1713లో ప్రష్యా రాజైన మొదటి ఫ్రెడరిక్కు విలియము హాల్లెకు వచ్చి ఈ పాఠశాలలను చూచెను. 1717లో ఆ రాజు, బడులున్న ప్రతి చోటను తలిదండ్రులు తమ బిడ్డలను బడికి పంపవలెననియు, బీదల రుసుమును ఆ యూరి ధర్మసొమ్ము నుండి చెల్లింపవలెననియు ఆజ్ఞ యిచ్చెను. ఒక పాదిరిగారి గదిలో చేసిన పని, ఒక రాజ్యపు శాసనములో కనబడుట ఎంత ఆశ్చర్యము!

ఆయన లోపములు

దైవజనులకును లోపములు కలవు. వాటిని దాచుట సత్యమునకు విరోధము. ఫ్రాంకె పిల్లలయెడల మిక్కిలి కఠినమైన క్రమశిక్షణ ఉంచెను. ఆటలు కాలమును పాడుచేయునని ఆయన అభిప్రాయము. ఆటకు బదులు చేతిపనులు, తోటపని, నడక మొదలైనవి ఏర్పరచెను. పిల్లలను ఎల్లప్పుడును పెద్దలు కనిపెట్టుకొని యుండవలెనని నియమము పెట్టెను. బిడ్డకు ఆట ఎంత అవసరమో నేడు మనకు తెలియును. ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

మరియు, ఆ కాలపు మర్యాద ననుసరించి దొరల కుమారులకు ఒక పాఠశాల, పట్టణస్థులకు ఒకటి, బీదలకు ఒకటి వేరువేరుగా నుండెను. ఆ గోడలను ఆయన పడగొట్టలేదు. అయినను వాటిలో ఒక ద్వారము తెరచెను: అనాథలలో బుద్ధిసూక్ష్మత గలవారిని గుర్తించి లాటిను పాఠశాలకు పంపి, అక్కడ నుండి విశ్వవిద్యాలయమునకు మార్గము చేసెను. ఆడపిల్లలకును తరగతులు ఏర్పరచెను. చేయగలిగినదంతయు ఆయన చేసెనని చెప్పజాలము గాని, ఆ కాలమున ఇతరులు చేయనిది ఆయన చేసెను.

హాల్లె నుండి తెలుగుదేశము వరకు

ఈ పాదిరిగారితో మనకేమి సంబంధము అని మీరు అడుగవచ్చును. సంబంధము కలదు. డెన్మార్కు రాజు పంపగా 1706 జూలైలో జీగెన్‌బాల్గు, ప్లుట్షౌ అను ఇద్దరు మిషనరీలు తమిళదేశములోని తరంగంబాడిలో దిగిరి. వారు హాల్లెతో సంబంధము గలవారు. వారు అక్కడ బడులు పెట్టిరి. ఫ్రాంకె వారికొరకు కానుకలు కూర్చి, వారి ఉత్తరములను 1710 నుండి అచ్చువేయించి జర్మనీ అంతటను పంచిపెట్టెను.

హాల్లెలో చదివిన బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడికి వచ్చెను. 1726లో మద్రాసు చేరి, అక్కడ తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. ఆ తర్జుమా అచ్చుపడలేదు. ఆయన 1743లో స్వదేశమునకు మరలి, హాల్లెలో ఫ్రాంకె స్థాపించిన సంస్థలో పనిచేయుచు, తెలుగు అక్షరములతో చిన్న పుస్తకములను అక్కడ అచ్చువేయించెను. 1746, 1747 సంవత్సరములలో వెలువడిన ఆ పుస్తకములు, తెలుగు లిపిలో అచ్చుపడిన మొట్టమొదటి వాటిలో చేరినవి. సారాయి ఊరి బిడ్డలకొరకు ఏర్పడిన సంస్థ నీడలో మన అక్షరము అచ్చున కెక్కెను.

మరియొక త్రోవయు కలదు. హాల్లె నుండి 1742లో అమెరికా చేరిన మ్యూలెన్‌బర్గు పాదిరిగారు 1748లో పెన్సిల్వేనియాలో లూథరను సంఘముల మండలిని కూర్చెను. ఆ మండలి పంపిన హయ్యరు అయ్యగారు 1842 జూలైలో గుంటూరు చేరి, సువార్తతోపాటు బడులను ఆరంభించెను.

తుది దినములు

1727 జూన్ 8వ తేదీన, 64 ఏండ్ల ప్రాయమున, ఫ్రాంకె హాల్లెలో ప్రభువునందు నిద్రించెను. ఆనాటికి ఆయన పాఠశాలలన్నిటిలో కలిపి 2,200 మందికి పైగా పిల్లలు ఉండిరి. అనాథాలయములో 100 మంది బాలురు, 34 మంది బాలికలు ఉండిరి. ఉచిత భోజనపు బల్లలయొద్ద 200 మందికి పైగా విద్యార్థులు భుజించుచుండిరి. ఆయన కుమారుడు గొట్‌హిల్ఫ్ ఆ పనిని కొనసాగించెను.

1946లో ఆ దేశపు తూర్పు భాగములో ఏర్పడిన ప్రభుత్వము ఆ సంస్థను రద్దుచేసెను, భవనములు శిథిలమాయెను. 1990లో జర్మనీ మరల ఏకమైన తరువాత సంస్థ తిరిగి స్థాపింపబడెను, భవనములు బాగుచేయబడెను. నేడును ఆ ప్రాంగణములో పిల్లలు చదువుకొనుచున్నారు.

ధ్యానము

ఐదు వేలమంది తృప్తిగా తిన్న తరువాత ప్రభువు శిష్యులతో చెప్పిన సంగతి యోహాను సువార్త 6వ అధ్యాయములో నున్నది. ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలను పోగుచేయుమని ఆయన ఆజ్ఞాపించెను. ఐదు రొట్టెలను అంతమందికి పంచగలిగిన ప్రభువునకు ముక్కలతో ఏమి పని? అయినను ఆయన వాటిని విడువలేదు. పండ్రెండు గంపలు నిండెను.

ఫ్రాంకె చేతిలో మిగిలినవి నాలుగు పుస్తకములు, 16 గ్రోషెనులు. పోయిన 23 పుస్తకములను గూర్చి దుఃఖించుచు కూర్చుండక, మిగిలిన ముక్కలను పోగుచేసెను. మనము సాధారణముగా పోయినదానిని లెక్కించుదుము. బీదపిల్లవాడొకడు మన సంఘపు సొమ్ముతో చేరి, నడుమ చదువు మానివేసినయెడల, వానిని పది సంవత్సరములు జ్ఞాపకముంచుకొందుము. బడిలో నిలిచిన బిడ్డను మరచిపోవుదుము. మానినవాడు ఎందుకు మానెనో అడిగితిమా? వాని ఇంటిలో దీపము ఉండెనా? పొలము కూలికి వానిని పిలిచినది ఆకలి కాదా? ఏర్పాటులోని లోపమును బిడ్డలోని లోపముగా ఎంచుట మన అలవాటైపోయినది.

అన్నవస్త్రములు లేని సహోదరునికి ఏమియు ఇయ్యక, క్షేమముగా పొమ్మని పలుకుటను గూర్చి యాకోబు మనలను హెచ్చరించుచున్నాడు. బాగుగా చదువుకొమ్మని బీద బిడ్డకు ఉపదేశించి పంపుటయు అటువంటిదే. మన సంఘములో పది తరగతులు చదివిన యువతీయువకులు ఉన్నారు. సాయంకాలము రెండు గంటలు చిన్నవారికి పాఠము చెప్పగలవారు ఉన్నారు. గుడిలో దీపము ఉన్నది, చాప ఉన్నది. ఇవి మనయొద్ద మిగిలియున్న ముక్కలు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన సంఘములో ఈ సంవత్సరము చదువు మానివేసిన బిడ్డ ఎవరు? ఆ ఇంటికి మనలో ఎవరు వెళ్లితిరి?

2. ఒకప్పుడు ఆరంభించి, నష్టము వచ్చినదని మనము విడిచిపెట్టిన మంచిపని ఏది? ఏర్పాటు మార్చి దానిని మరల ఆరంభింపవచ్చునా?

3. నా చదువునకు సహాయము చేసినవారు ఎవరు? ఆ ఋణమును నేను ఏ బిడ్డకు తీర్చుచున్నాను?

ప్రార్థన

చిన్నవారిని ప్రేమించు ప్రభువా, మా గుమ్మము ముందర నిలిచిన బిడ్డను ఇంటిలోనికి పిలుచు మనస్సు మాకు దయచేయుము. మొదటి నష్టముతో మా చేతులు ముడుచుకొనకుండ కాపాడుము. మాయొద్ద మిగిలియున్న కొంచెమును నీ చేతికి అప్పగించుచున్నాము. దానిని దీవించి, మా పల్లెలోని బీద బిడ్డలకు అన్నముగాను అక్షరముగాను మార్చుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.